మట్టిలోని సూక్ష్మజీవుల్లో పారిశ్రామిక ఎంజైముల కోసం అన్వేషణ: తరచుగా అడిగే ప్రశ్నలు

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం ప్రాంతాల కాలేజీల్లో జీవశాస్త్రాలు చదువుతున్న తెలుగు విద్యార్థులు ప్రాజెక్టు పనికి ఎక్కువగా ఎంచుకునే అంశాల్లో ఇది ఒకటి. వారి నుంచి, వారి తల్లిదండ్రుల నుంచి, అప్పుడప్పుడు తమ పొలం మట్టి ఎందుకు తీసుకెళ్తున్నారని అడిగే రైతుల నుంచి వచ్చే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు ఇస్తున్నాం.

ఎంజైముల కోసం మట్టినే ఎందుకు వెతుకుతారు?

బ్యాక్టీరియాకు గాని, బూజుకు గాని నోరు లేదు. రాలిన ఆకులోని సెల్యులోజు, చచ్చిన పురుగులోని మాంసకృత్తులు, గింజలోని పిండి వంటి పెద్ద అణువులు వాటి కణపు గోడను దాటి లోపలికి పోలేవు. అందువల్ల అవి ఎంజైములను, అంటే రసాయన మార్పులను వేగంగా జరిపించే మాంసకృత్తులను, బయటికి స్రవించి, ఆ అణువులను బయటే ముక్కలు చేసి, కరిగిన చక్కెరలను, అమైనో ఆమ్లాలను మాత్రమే లోపలికి తీసుకుంటాయి. పరిశ్రమకు కలిసివచ్చేది ఈ గుణమే. అటువంటి సూక్ష్మజీవిని పెద్ద తొట్టెలో పెంచితే ఎంజైము ద్రవంలోకే వచ్చి చేరుతుంది; కణాలను పగలగొట్టే ఖర్చు లేకుండా వాటిని వడకట్టి, మిగిలిన ద్రవాన్ని గాఢపరచుకుంటే సరిపోతుంది.

ఇక సంఖ్య, వైవిధ్యం సంగతి. సారవంతమైన భూమిలో ఒక్క గ్రాము మట్టిలో వంద కోట్లకు పైగా బ్యాక్టీరియా, వాటిలో వేలాది జాతులు ఉండగలవు. అవన్నీ ఒకే చోట ఆహారానికి పోటీపడుతూ ఉంటాయి కాబట్టి, ఇతరులకు లొంగని పదార్థాన్ని విడగొట్టగలిగిన జీవికి అక్కడ బతుకు దొరుకుతుంది.

ఇది కొత్త రంగమా?

కాదు. జపాను శాస్త్రవేత్త జోకిచి తకమినే ఆస్పర్జిల్లస్ ఒరైజే అనే బూజు నుంచి తీసిన పిండిని కరిగించే ఎంజైముకు 1894లో అమెరికాలో పేటెంటు పొందారు. కణం బతికి లేకపోయినా దాని రసం చక్కెరను పులియబెట్టగలదని ఎడ్వర్డ్ బుక్నర్ 1897లో చూపించి, 1907లో నోబెల్ బహుమతి అందుకున్నారు. రెండో ప్రపంచ యుద్ధంలో సాలమన్ దీవుల్లో అమెరికా సైన్యపు నూలు గుడ్డలు, గుడారాలు కుళ్లిపోతుంటే, అందుకు కారణమైన బూజుల్లో ఒకటి ట్రైకోడర్మా రీసై అని తరువాత పేరు పొందింది. గుడ్డను పాడుచేసినందుకు పట్టుబడిన ఆ బూజు వంశమే నేడు ప్రపంచంలో సెల్యులేజ్ (సెల్యులోజును విడగొట్టే) ఎంజైముల తయారీకి ప్రధాన ఆధారం. 1960ల నుంచి బట్టల సబ్బు పొడిలో కలుస్తున్న ప్రోటియేజ్ (మాంసకృత్తులను విడగొట్టే ఎంజైము) బాసిల్లస్ జాతి బ్యాక్టీరియాది. ఆ జాతికి మట్టే పుట్టిల్లు.

మన ప్రాంతంలో ఏ చోటి మట్టి తీసుకోవాలి?

ఈ ప్రశ్న విద్యార్థులందరూ అడుగుతారు, కానీ దానికి ముందు అడగవలసిన ప్రశ్న ఒకటి ఉంది: ఎంజైము చేయవలసిన పని ఏమిటి? పని తేలితే చోటు దానంతట అదే తేలుతుంది. కాలేజీ వెనక తోటలో నాలుగు గుప్పెళ్ల మట్టి తీసుకుని, అందులో ఏదో ఒక ఎంజైము దొరక్కపోతుందా అని మొదలుపెట్టిన ప్రాజెక్టులకు ఫలితం దొరకకపోవడం అరుదు, ఆ ఫలితం ఎవరికైనా ఉపయోగపడటం అంతకంటే అరుదు. పిండిని కరిగించే బాసిల్లస్ ఏ మట్టిలోనైనా ఉంటుంది.

ఏ పదార్థం ఏళ్ల తరబడి ఒకే చోట పడుతూ ఉంటుందో, ఆ పదార్థాన్ని తినే జీవులు అక్కడ పోగుపడతాయి. బియ్యపు మిల్లు వెనక తవుడు, నూక, కడిగిన నీరు చేరే గుంటలో అమైలేజ్ (పిండిని విడగొట్టేది) చేసేవి. నూనె గానుగ చుట్టూ జిడ్డు పట్టిన నేలలో లైపేజ్ (కొవ్వును విడగొట్టేది) చేసేవి. కోత మిల్లు పక్కన రంపపుపొట్టు ఏళ్లుగా కుళ్లుతున్న కుప్ప అడుగున సెల్యులేజ్, జైలనేజ్ (మొక్కల కణపు గోడలోని జైలాన్‌ను విడగొట్టేది), లాకేజ్ (కర్రను గట్టిపరచే లిగ్నిన్‌పై పనిచేసేది) చేసేవి ఎక్కువగా ఉంటాయి. గోపాల్‌పూర్ తీరంలో చేపలు ఎండబెట్టే ఇసుకలో ఉప్పును తట్టుకునే ప్రోటియేజ్‌లకు, రొయ్య పెంకులు పారేసే చోట కైటినేజ్‌లకు (పెంకులోని కైటిన్‌ను విడగొట్టేవి) అవకాశం ఉంది.

గోగునార తీసే ఊళ్ల చెరువులను మాత్రం ప్రత్యేకంగా చెప్పుకోవాలి. సరిహద్దుకు అటు శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో గోగు కట్టలను నీటిలో రోజుల తరబడి ఊరబెట్టి నార ఒలుస్తారు. కాండంలో నారను బెరడుకు అంటించి ఉంచే పెక్టిన్‌ను నీటిలోని, బురదలోని బ్యాక్టీరియా కరిగించడం వల్లనే ఆ నార విడివడుతుంది. సెల్యులోజును కూడా తినేసే జీవి ఎక్కువైతే నార బలహీనపడుతుంది కాబట్టి, మంచి నార వచ్చే చెరువని రైతులు చెప్పే చోట పెక్టినేజ్ ఎక్కువగా, సెల్యులేజ్ తక్కువగా చేసే జీవులు ఉండవచ్చునని ఊహించి వెతకడం సమంజసం. పండ్ల రసాలను తేటపరచడానికి, నూలును శుద్ధి చేయడానికి పరిశ్రమ వాడేది పెక్టినేజ్‌నే. ఆ చెరువు గురించి రైతుకు తెలిసిన విషయాన్ని నోటు పుస్తకంలో రైతు మాటగానే రాసుకోవాలని మా గట్టి అభిప్రాయం.

వేడిని తట్టుకునే ఎంజైములు కావలసినవారికి గంజాం జిల్లాలోని తప్తపాణి వేడినీటి బుగ్గ దగ్గరలోనే ఉంది. అది భక్తులు పవిత్రంగా చూసే చోటు. అక్కడి నీటిలో, బురదలో చేయి పెట్టే ముందు అనుమతి అడగడం మర్యాద మాత్రమే కాదు, బాధ్యత కూడా. వేడినీటి బుగ్గ ఎంత ఇవ్వగలదో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. థామస్ బ్రాక్ బృందం అమెరికాలోని యెల్లోస్టోన్ పార్కు బుగ్గల్లో కనుగొని 1969లో వర్ణించిన థర్మస్ అక్వాటికస్ అనే బ్యాక్టీరియా నుంచే, నేడు పీసీఆర్ (డీఎన్ఏ ముక్కను అనేక రెట్లు నకలు చేసే పద్ధతి) పరీక్షలకు ఆధారమైన టాక్ పాలిమరేజ్ అనే ఎంజైము వచ్చింది.

నమూనా ఎలా తీయాలి?

పైన ఉన్న చెత్తను, ఆకులను పక్కకు తీసి, 5 నుంచి 15 సెంటీమీటర్ల లోతులో, స్పిరిటుతో తుడిచి మంటలో కాల్చి చల్లార్చిన గరిటెతో, ఒకే చోటి నాలుగైదు బిందువుల నుంచి కొద్దికొద్దిగా తీసి కలపాలి. కొత్త పాలిథిన్ సంచిలో వేసి, తేదీ, ఊరు, అక్షాంశ రేఖాంశాలు, మట్టి ఉష్ణోగ్రత, పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత), చుట్టూ ఏ పంట లేదా ఏ వ్యర్థం ఉందో అక్కడికక్కడే రాయాలి. సాయంత్రం గదికి వచ్చి రాద్దామనుకుంటే సంచులు కలిసిపోతాయి. నమూనాను ఎండబెట్టకుండా 4 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంచి, వీలైనంత త్వరగా పని మొదలుపెట్టాలి. రాయగడ కొండల ఎర్ర మట్టి, వంశధార ఒండ్రు మట్టి, తీరపు ఉప్పు ఇసుక వేర్వేరు గుణాలవి కాబట్టి వాటిని పోల్చేటప్పుడు పీహెచ్, తేమ విలువలు లేకపోతే ఆ పోలికకు అర్థం ఉండదు.

గుప్పెడు మట్టికి కూడా అనుమతి కావాలా?

పొలం అయితే రైతును అడగాలి, మిల్లు ఆవరణ అయితే యజమానిని అడగాలి, రిజర్వు అడవి అయితే అటవీశాఖ అనుమతి తీసుకోవాలి. రాయగడ, కోరాపుట్ జిల్లాలు పూర్తిగా, గజపతి జిల్లాలో కొన్ని భాగాలు రాజ్యాంగపు ఐదో షెడ్యూలు (ఆదివాసీ ప్రాంతాలకు రక్షణ కల్పించేది) ప్రాంతాలు. అక్కడ గ్రామసభకు విషయం వివరించి మొదలుపెట్టడం సరైన పద్ధతి.

దీనికి తోడు 2002 నాటి జీవవైవిధ్య చట్టం సూక్ష్మజీవులకు కూడా వర్తిస్తుంది. భారతీయ విద్యార్థి చదువు కోసం చేసే పనికి, వాణిజ్య ప్రయోజనానికి చేసే పనికి ఆ చట్టం వేర్వేరు దారులు చూపుతుంది. విదేశీ సంస్థ భాగస్వామి అయినా, పేటెంటు ఆలోచన ఉన్నా చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ నియమాలు చూడాలి. చట్టాన్ని 2023లో సవరించారు కాబట్టి పాత ప్రాజెక్టు రిపోర్టుల్లోని సమాచారాన్ని నమ్ముకోకుండా ఇప్పటి నియమాలనే చదవాలి.

ఇదంతా కాగితాల గొడవ అని విసుక్కునేవారికి యెల్లోస్టోన్ కథలోని రెండో సగం చెప్పాలి. పీసీఆర్ హక్కులు 1991లో 30 కోట్ల డాలర్లకు చేతులు మారాయి. ఆ బ్యాక్టీరియాకు పుట్టిల్లయిన పార్కుకు అందులో వాటా రాలేదు. మన కొండ ఊళ్ల మట్టికి అదే జరగకూడదంటే, ఎక్కడి మట్టి, ఎవరి అనుమతి అన్నది మొదటి రోజే రాతపూర్వకంగా ఉండాలి.

మట్టిలోని అన్ని జీవుల్లోంచి ఒక్కదాన్ని ఎలా విడదీస్తారు?

ఒక గ్రాము మట్టిని 9 మిల్లీలీటర్ల 0.85 శాతం ఉప్పునీటిలో కలిపి, అందులోంచి ఒక మిల్లీలీటరును మరో 9 మిల్లీలీటర్లలోకి, ఇలా పదేసి రెట్లు పలచన చేస్తూ పోతారు. పలచన చేసిన ద్రవాన్ని అగార్ ప్లేట్ల (పోషకాలు కలిపి జెల్లీలా గడ్డకట్టించిన పళ్లేల) మీద పరిస్తే, ఏదో ఒక మెట్టు దగ్గర ప్లేటుకు 30 నుంచి 300 లోపు కాలనీలు (ఒక్కో జీవి పెరిగి ఏర్పడిన గుంపులు) విడివిడిగా వస్తాయి. ఒక్కో కాలనీని మళ్లీ మళ్లీ కొత్త ప్లేటు మీద గీతలుగా పూసి, ఒకే రకం మిగిలే దాకా శుద్ధి చేయాలి.

కావలసిన జీవిని బట్టి ముందే వడపోయవచ్చు. పలచన చేసిన ద్రవాన్ని 80 డిగ్రీల దగ్గర 10 నిమిషాలు ఉంచితే బీజాంశాలు (వేడిని తట్టుకునే గట్టి నిద్రాణ రూపాలు) చేసే బాసిల్లస్ వంటివి మిగిలి, మిగతావి చాలావరకు చనిపోతాయి. తొలకరి మట్టి వాసనకు కారణమైన జియోస్మిన్‌ను తయారుచేసే స్ట్రెప్టోమైసిస్ జాతి కావాలంటే పిండి, కేసీన్ (పాలలోని మాంసకృత్తు) కలిసిన అగార్‌లో బూజును ఆపే మందు కలుపుతారు. బూజులే కావాలంటే బ్యాక్టీరియాను ఆపే మందు కలుపుతారు.

ఆ జీవి ఎంజైము చేస్తోందని ఎలా తెలుస్తుంది?

విడగొట్టవలసిన పదార్థాన్నే అగార్‌లో కలిపి, కాలనీ చుట్టూ అది మాయమైందో లేదో చూస్తారు. పిండి కలిపిన ప్లేటు మీద అయోడిన్ పోస్తే పిండి ఉన్న మేర ముదురు నీలంగా మారుతుంది. అమైలేజ్ చేసిన కాలనీ చుట్టూ మాత్రం తేట వలయం మిగులుతుంది. పాలపొడి కలిపిన తెల్లని ప్లేటులో ప్రోటియేజ్ చేసిన కాలనీ చుట్టూ పారదర్శకంగా అవుతుంది. సెల్యులేజ్‌కు కార్బాక్సీమిథైల్ సెల్యులోజు కలిపి, కాంగో రెడ్ రంగు పోసి పావుగంట ఆగి, లీటరుకు 58 గ్రాముల ఉప్పు కలిపిన నీటితో కడిగితే ఎర్రని నేపథ్యంలో పసుపుపచ్చని వలయం తేలుతుంది. లైపేజ్‌కు ట్రైబ్యుటిరిన్ నూనెను చిలికి కలుపుతారు.

ఈ పరీక్షలు ఒక్కొక్కటి ఒక్కో విధంగా తప్పుదారి పట్టించగలవు. ట్రైబ్యుటిరిన్‌ను మామూలు ఎస్టరేజ్‌లు కూడా కరిగిస్తాయి. అసలు లైపేజ్ అవునో కాదో ఆలివ్ నూనె, రోడమైన్ బి కలిపిన ప్లేటును అతినీలలోహిత కాంతిలో చూసి తేల్చుకోవాలి. ఫైటేజ్ (గింజల్లోని ఫైటేట్‌ను విడగొట్టే ఎంజైము) పరీక్షలో కాల్షియం ఫైటేట్‌ను జీవి విడుదల చేసిన ఆమ్లం కూడా కరిగించగలదు. కార్బాక్సీమిథైల్ సెల్యులోజు సులభంగా కరిగే రూపం కాబట్టి దాని మీద వలయం వచ్చిన జీవి వరిగడ్డిని విడగొడుతుందని అనుకోకూడదు. అందుకు వడపోత కాగితపు ముక్కను ద్రవంలో వేసి, అది చివికి విడిపోతుందో లేదో చూడాలి.

అన్నిటికంటే పెద్ద వలయం ఇచ్చిన కాలనీయే మంచిదా?

కాదు. ఈ నమ్మకం వల్ల మంచి జీవులు ఎన్నో చెత్తబుట్టలోకి వెళ్తున్నాయి. చిన్న ఎంజైము అణువు అగార్‌లో దూరం పాకుతుంది, పెద్దది పాకదు. త్వరగా పెరిగే కాలనీకి వలయం కూడా త్వరగా పెరుగుతుంది. వలయం వడపోతకు మాత్రమే పనికొస్తుంది, కొలతకు కాదు.

కొలవాలంటే జీవిని ద్రవంలో పెంచి, కణాలను వేగంగా తిప్పే సెంట్రిఫ్యూజ్‌లో వేరుచేసి, పైన తేలిన ద్రవాన్ని పరీక్షించాలి. పిండి, సెల్యులోజు, జైలాన్‌ల నుంచి విడుదలైన చక్కెరను 1959లో మిల్లర్ ప్రచురించిన డైనైట్రోసాలిసిలిక్ ఆమ్ల పద్ధతిలో, 540 నానోమీటర్ల దగ్గర రంగు చూసి లెక్కిస్తారు. నిర్ణీత ఉష్ణోగ్రత, పీహెచ్‌ల వద్ద నిమిషానికి ఒక మైక్రోమోల్ పదార్థాన్ని మార్చే ఎంజైము పరిమాణాన్ని ఒక యూనిట్ అంటారు. ఉష్ణోగ్రత, పీహెచ్ చెప్పకుండా రాసిన యూనిట్లను ఎవరూ పోల్చలేరు. అయినా అటువంటి పట్టికలు ప్రాజెక్టు రిపోర్టుల్లో కనబడుతూనే ఉన్నాయి.

పరిశ్రమ నిజంగా ఏం కోరుతుంది?

రాయగడ దగ్గర జేకేపూర్‌లో కాగితపు మిల్లు ఉంది కాబట్టి కాగితాన్నే ఉదాహరణగా తీసుకుందాం. ఉడికించిన గుజ్జు గోధుమరంగులో ఉంటుంది. దాన్ని తెల్లబరచడానికి కాగితపు మిల్లులు క్లోరిన్ సంబంధిత రసాయనాలు వాడుతూ వచ్చాయి. గుజ్జులోని జైలాన్‌ను కొంత తొలగిస్తే మిగిలిన లిగ్నిన్ సులభంగా బయటికి వస్తుందని, దానివల్ల తెల్లబరచే రసాయనం తక్కువ పడుతుందని 1986లో ఫిన్లండ్ పరిశోధకులు చూపించారు. ఇందుకు కావలసినది జైలనేజ్. కానీ ఏ జైలనేజ్ అయినా సరిపోదు. గుజ్జు వేడిగా, క్షారంగా ఉంటుంది; దాన్ని ఎంజైము కోసం చల్లార్చి, ఆమ్లం కలిపితే ఖర్చు పెరుగుతుంది. పైగా ఆ ద్రవంలో సెల్యులేజ్ ఏమాత్రం ఉన్నా నారనే కోసి కాగితాన్ని బలహీనపరుస్తుంది.

ఇప్పుడు వెతుకులాట రూపం మారిపోయింది చూడండి. పీహెచ్ 7 ప్లేటు మీద, 30 డిగ్రీల దగ్గర వెతికితే ఆ పరిస్థితుల్లో హాయిగా ఉండే జీవులే దొరుకుతాయి. పీహెచ్ 9 దాటిన ప్లేటు మీద, 50 డిగ్రీలకు పైన, జైలాన్ మాత్రమే ఆహారంగా పెట్టి వెతికి, దొరికినవాటిని కాంగో రెడ్ ప్లేటు మీద వేసి సెల్యులేజ్ ఉన్నవాటిని తీసేస్తే, మిగిలేవి చాలా తక్కువ. కానీ మిల్లు ఇంజినీరు కుర్చీలో నుంచి లేచి వినదగినవి అవే.

బట్టల సబ్బులో ప్రోటియేజ్ క్షార నీటిలో, మరకలు పోగొట్టే ఆక్సిజన్ రసాయనాల మధ్య నిలబడాలి. నేత పరిశ్రమలో పడుగుకు పెట్టిన గంజిని తీసే అమైలేజ్ వేడి నీటిలో త్వరగా పని ముగించాలి. తోలు నుంచి వెంట్రుకలు తీసే ప్రోటియేజ్ సల్ఫైడ్ వాడకాన్ని తగ్గించగలదు గానీ, తోలుకు బలమిచ్చే కొల్లాజెన్‌ను ముట్టుకోకూడదు.

ప్లేటు మీద పెరగని జీవుల సంగతి?

మట్టిలో సూక్ష్మదర్శినికి కనిపించే బ్యాక్టీరియాలో ఒక శాతం కూడా మామూలు ప్లేట్ల మీద పెరగవన్నది చాలాకాలంగా తెలిసిన విషయమే. అందుకే మట్టి నుంచి నేరుగా డీఎన్ఏ తీసి, ముక్కలుగా ఇ. కోలి వంటి బ్యాక్టీరియాలోకి ఎక్కించి, ఎంజైము చేసే ముక్కను వెతికే మెటాజీనోమిక్స్ వచ్చింది. ఆ పేరు 1998 నాటిది. దీనికి డబ్బు, కంప్యూటర్లు, నైపుణ్యం కావాలి. చిన్న కాలేజీకి మా సలహా వేరు: ప్లేట్లను రెండు రోజులకే పారేయకుండా మూడు నాలుగు వారాలు తేమ పోకుండా ఉంచండి, పోషకాలను పదో వంతుకు తగ్గించండి. నిదానంగా పెరిగే జీవులు అప్పుడు బయటపడతాయి.

దొరికిన జీవి ఏదో ఎలా తేలుతుంది?

బ్యాక్టీరియా అయితే జీవిని గుర్తించడానికి వాడే, సుమారు 1500 అక్షరాల పొడవున్న 16ఎస్ జన్యువును, బూజు అయితే ఐటీఎస్ అనే డీఎన్ఏ భాగాన్ని పీసీఆర్‌తో పెంచి, సీక్వెన్సింగ్‌కు (డీఎన్ఏ అక్షరాల వరుసను చదవడానికి) పంపి, ప్రజలకు అందుబాటులో ఉన్న డేటాబేసులతో పోలుస్తారు. 16ఎస్ ఒక్కటే చూసి బాసిల్లస్‌లోని దగ్గరి జాతులను (స్పీషీస్) విడదీయడం కష్టం కాబట్టి జాతి పేరును జాగ్రత్తగా రాయాలి.

ఇందులో ప్రమాదం ఏమైనా ఉందా?

ఉంది, దీన్ని తేలికగా తీసుకోకూడదు. కోరాపుట్ జిల్లాలో మనుషులకు కూడా దొమ్మరోగం, అంటే ఆంత్రాక్స్, సోకిన ఘటనలు పలుమార్లు నమోదయ్యాయి. దాని బీజాంశాలు మట్టిలో దశాబ్దాలు బతుకుతాయి. అది కూడా బాసిల్లస్ జాతిదే కాబట్టి, పైన చెప్పిన 80 డిగ్రీల వేడి దాన్ని చంపదు, పైగా ఏరి మన ముందు పెడుతుంది. పశువులు చనిపోయిన చోట, వాటిని పూడ్చిన చోట మట్టి తీయనే తీయకండి. తడి వరిమళ్లలో మెలియాయిడోసిస్ అనే ప్రమాదకర ఇన్ఫెక్షన్‌ను కలిగించే బ్యాక్టీరియా ఉండగలదు. చేతికి, కాలికి పుండు ఉన్నవారు, మధుమేహం ఉన్నవారు గ్లవ్స్, బూట్లు లేకుండా బురదలోకి దిగవద్దు. ఆస్పర్జిల్లస్ ప్లేట్ల మూతలు బల్ల మీద తెరిచి వాసన చూడవద్దు. వాడిన ప్రతి ప్లేటునూ ఆటోక్లేవ్ చేసిన, అంటే ఒత్తిడి ఆవిరిలో క్రిములను చంపిన, తరువాతే పారేయాలి.

పెద్ద ల్యాబు లేని కాలేజీలో చేయగలమా?

మొదటి దశ చేయగలం. కొద్దిపాటి మీడియాకు (జీవులను పెంచే పోషక మిశ్రమానికి) 121 డిగ్రీల దగ్గర 15 నిమిషాల ఆవిరి ఇవ్వగల ప్రెషర్ కుక్కర్ చాలు. పాలపొడి, పిండి, అయోడిన్ బజారులో దొరుకుతాయి. అగార్, కాంగో రెడ్, జైలాన్ కొనాలి, జైలాన్ ఖరీదైనది. సీక్వెన్సింగ్‌ను బయటికి పంపవచ్చు. రంగు గాఢతను కొలిచే స్పెక్ట్రోఫోటోమీటర్ లేనిచోట విశ్వవిద్యాలయంలో ఒక రోజు అడిగి వాడుకోవచ్చు.

మట్టిలో దొరికిన బ్యాక్టీరియాకు పేటెంటు వస్తుందా?

ప్రకృతిలో ఉన్నదాన్ని ఉన్నట్టుగా కనుగొన్నందుకు భారత పేటెంట్ల చట్టం 3(సి) సెక్షను ప్రకారం పేటెంటు రాదు. మార్పు చేసిన సూక్ష్మజీవికి, ఎంజైమును తయారుచేసే లేదా వాడే కొత్త పద్ధతికి రావచ్చు. దరఖాస్తులో జీవ పదార్థం ఏ ప్రదేశం నుంచి వచ్చిందో చెప్పి తీరాలి. మొదటి రోజు రాసిన నోటు పుస్తకం అప్పుడు అక్కరకొస్తుంది.

పరిశ్రమ మన జీవినే తొట్టెలో పెంచుతుందా?

చాలాసార్లు పెంచదు. మట్టి జీవి చేసే ఎంజైము తక్కువ మోతాదులో ఉంటుంది కాబట్టి, దాని జన్యువును బాగా పరిచయమున్న మరో జీవిలోకి ఎక్కిస్తారు. 1988లో బట్టల సబ్బుల కోసం బజారుకు వచ్చిన లైపోలేజ్ అలాంటిదే: జన్యువు థర్మోమైసిస్ అనే వేడిలో పెరిగే బూజుది, తయారుచేసేది ఆస్పర్జిల్లస్ ఒరైజే. ఆ తరువాత జన్యువులో యాదృచ్ఛికంగా మార్పులు చేసి, మెరుగైనవాటిని ఏరుకుంటూ పోయే పద్ధతికి ఫ్రాన్సెస్ ఆర్నల్డ్ 2018లో నోబెల్ పొందారు. అయితే ఆ మెరుగుదల మొదలుపెట్టడానికి ఒక మంచి జన్యువు చేతిలో ఉండాలి. దాని కోసమే ఈ వెతుకులాట.

ప్రాజెక్టు అయిపోయాక కల్చర్లను ఏం చేయాలి?

ఫ్రిజ్‌లో స్లాంట్ల (గొట్టంలో ఏటవాలుగా గడ్డకట్టించిన అగార్) మీద వదిలేస్తే రెండు మూడు నెలలకు మించి నమ్మకం లేదు. మళ్లీ మళ్లీ పెంచుతూ పోతే ఎంజైము చేసే గుణమే తగ్గిపోవచ్చు. 20 శాతం గ్లిసరాల్ కలిపి మైనస్ 80 డిగ్రీల దగ్గర దాచడం మంచిది. అటువంటి ఫ్రీజర్ లేకపోతే, మేలైన ఒకటి రెండు జీవులను చండీగఢ్‌లోని ఎంటీసీసీ లేదా పుణెలోని ఎన్‌సీఐఎం అనే సూక్ష్మజీవుల సేకరణలకు పంపించవచ్చు. జీవి పేరు, పెరిగే మీడియా, ఉష్ణోగ్రతలతో పాటు మట్టి తీసిన ఊరు, తేదీ దరఖాస్తులో రాయండి. వలయం ఇవ్వని కాలనీల జాబితాను కూడా కాలేజీ రికార్డులో ఉంచితే, మరుసటి సంవత్సరం విద్యార్థులు అదే గుంటలో అదే పరీక్షను మళ్లీ చేయకుండా ఉంటారు.